సుబేదారు కూత

పిల్లలూ, మీరున్న దూరదేశంలో ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. తాపీగా వినండి. నవ్వొస్తే నవ్వండి, తప్పు లేదు.

ఒక పెద్ద అడవిలో కాపలా దళం ఒకటి ఉండేది. దాని సుబేదారు కొండముచ్చు పోలయ్య. మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని, పులి కనబడితే కూత పెట్టడం అతని పని. దళానికి ఒకటే కట్టుబాటు: పులి లేకుండా కూయకూడదు. ఆ కూత మీద నమ్మకంతోనే దుప్పులు తల దించుకుని మేసేవి.

ఆ ఎండాకాలం అడవి సభ అధ్యక్షుడు నక్క శేషావతారం, వాగులో మిగిలిన నీటి చెలమ సభ్యులకు మాత్రమేనన్నాడు. దాహంతో దుప్పులు సభకొచ్చి నిలదీశాయి.

నక్క పోలయ్యను పక్కకు పిలిచాడు. "సుబేదారుగారూ, వీళ్ళు నోరెత్తగానే ఓ కూత పెట్టండి. సభ ప్రశాంతంగా ముగుస్తుంది."

"పులేదండీ?"

"పులెందుకయ్యా? కూత చాలు."

"మా దళంలో అలా కూస్తే తోక పట్టి కిందికి లాగేస్తారండీ."

"అది సైన్యం! ఇది ప్రజాసేవ. ఇక్కడ నీతికి సడలింపులుంటాయి."

పోలయ్య ససేమిరా అన్నాడు. ఆ పూటే అతన్ని చెట్టు దింపి, నక్కకు ఆకులతో విసిరే పనిలో పెట్టారు.

చెట్టెక్కిన కొత్త కొండముచ్చు చెప్పినప్పుడల్లా కూశాడు. దుప్పులు పరుగెత్తాయి. కొన్నాళ్ళకు ముసలి దుప్పి కాంతమ్మ పోలయ్యను అడిగింది. "తమ్ముడూ, ఆ పులేదిరా?"

"నా గొంతు వినబడితే మాత్రం ఆగకక్కా," అన్నాడతను తల వంచుకుని.

ఇక కొత్తవాడు ఎంత కూసినా దుప్పులు కదల్లేదు. నిండు సభలో నక్కకు చెమటలు పట్టాయి. "పోలయ్యా, నీ కూతే కావాలయ్యా. ఒక్కటి కూయి, చెట్టు మళ్ళీ నీదే!"

పోలయ్యకు చెట్టు కావాలి. కానీ ఆ కూతతో కాదు. బరువుగా తలెత్తాడు. నక్క వెనక గడ్డిలో చారలు కదిలాయి.

గొంతు చించుకుని కూశాడు. దుప్పులు మాయమయ్యాయి.

"చూశారా! పదవి చూపిస్తే ఎంతటివాడైనా దారికొస్తాడు. ఎవరూ లేవకండి," అన్నాడు నక్క సభ్యులతో.

"అయ్యా, నిజంగా పులండీ!" పోలయ్య చెట్టెక్కుతూ అరిచాడు.

"అబ్బబ్బ, ఎంత సహజంగా చేస్తున్నాడో!" అంటూ నక్క వెనక్కి వాలాడు.

అధ్యక్షులవారి చివరి ప్రసంగం అదే.

ఎలాగో బయటపడ్డ సభ్యులు విచారణ జరిపి, అబద్ధం అడిగితే నిజం కూశాడని పోలయ్యను తప్పుపట్టారు. పోలయ్య చెట్టు దిగలేదు. పట్టి దింపనివ్వడానికి ఏ దుప్పీ ఒప్పుకోలేదు.

నీతి: అబద్ధాలు అవసరమైన ప్రభువులు నిజాయితీపరుణ్ణి కొలువులో ఉంచుకోరాదు, ప్రాణానికి ముప్పు.

మీ స్నేహితులకూ చెప్పండి నాయనా. నక్కను మాత్రం మంచివాణ్ణి చేయకండి.