మూడక్షరాల ఉపవాసం

పూర్తి మాట రాయడం ఒక జబ్బు. ఆ జబ్బును నయం చేసుకున్నవాళ్లు ఈ లోకంలో ఆసుపత్రివాళ్లు ఒక్కరే.

నవ్వకండి. లాయరు కాగితం చూడండి, కౌన్సిల్ ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరం చూడండి. మాట మీద మాట పేర్చి చదివేవాడి ప్రాణం తోడేస్తారు. అదే నర్సు అయితే? రెండక్షరాలు గీకి, చుక్క పెట్టి, తన దారిన తాను పోతుంది. ఎంత కాగితం మిగులు! ఎంత సిరా మిగులు! ఒక మనిషికున్న రోగాలన్నీ తపాలా బిళ్ల మీద పట్టేస్తాయి.

ఈ పద్ధతి నాకు నచ్చడానికి సొంత కారణం కూడా ఉంది. బొగ్గు మోసే కాలువ పడవలో పుట్టాను. రోజుకో ఊరి గట్టున ఉండేవాడికి బడి ఎక్కడిది? కాలువ గడ్డకట్టి పడవ కదలని చలికాలాల్లో మాత్రం మా అమ్మ నన్ను దగ్గర్లో ఉన్న బడికి తోలేది. అలాంటి చలికాలాలు మూడు వచ్చాయి. వాటిలో అక్షరాలు నేర్చుకున్నాను. అక్షరాలన్నీ కలిసి మాటగా మారే సంగతి దగ్గరికి వచ్చేసరికి మంచు కరిగిపోయింది.

అలాంటివాడు ఎనభై మూడేళ్ల వయసులో ఆసుపత్రిలో అడుగుపెట్టాడు. గోడల మీద, మంచాల మీద, కాగితాల మీద ఉత్తి అక్షరాలే కనబడ్డాయి. వాడికెలా ఉంటుంది? పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లంతా తిరిగి తిరిగి నేను ఆగిన చోటికే వచ్చి ఆగారన్నమాట.

మా ఆవిడ రోడా సోమవారం పొద్దున పడవ మెట్టు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. వార్డులో మంచం ఇచ్చారు. తల వైపు గోడకి ఒక తెల్ల బోర్డు. దాని మీద ఆవిడ పేరు, కింద మూడక్షరాలు. ఎన్.బి.ఎం.

"అంటే ఏంటమ్మా?" అని సిస్టర్ బెర్నిస్‌ని అడిగాను. ఆ వార్డంతా ఆవిడ చేతి కింద నడుస్తుంది.

"నోట్లోకి ఏమీ పెట్టకూడదని, తాతగారూ. ఆపరేషన్‌కి కడుపు ఖాళీగా ఉండాలి కదా."

బాగుంది అనుకున్నాను. ఇక ఆ రోజంతా మంచం పక్కన కూర్చుని, వచ్చిన నర్సునల్లా అడిగి అక్షరాలు నేర్చుకున్నాను.

బి.డి. అంటే రోజుకు రెండుసార్లు. టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. ఇవి లాటిన్‌ట. లాటిన్ మాట్లాడే జనమంతా పోయి చాలాకాలమైందట. వాళ్లకి ఏ మందు ఎన్నిసార్లు వేశారో ఎవరూ చెప్పలేదు.

పి.ఆర్.ఎన్. అంటే అవసరమైనప్పుడు ఇవ్వాలి అని. అవసరం ఎవరికి అన్నది అందులో లేదు. అది మీ ఊహకి వదిలేశారు.

ఎన్.ఎ.డి. మరీ గొప్పది. పరీక్షించి చూడగా తేడా ఏమీ కనబడలేదు అని దాని అర్థం. పరీక్షించి చూడకపోయినా తేడా ఏమీ కనబడదు కదా. రెంటికీ ఒకే అక్షరాలు సరిపోతాయి. ఇంత పొదుపు మీరు ఇంకెక్కడైనా చూశారా?

కిటికీ పక్క మంచంలో ఉన్న మిసెస్ ఓక్డెన్‌కి ఎం.ఎఫ్.ఎఫ్.డి. అని నాలుగక్షరాలు ఇచ్చారు. ఒళ్లు నయమైంది, ఇంటికి పోవచ్చు అని. ఆ నాలుగక్షరాలతో ఆవిడ పదకొండు వారాలుగా అక్కడే ఉంది. ఇంటి దగ్గర చూసుకునే మనిషి దొరకలేదట. ఆ సంగతికి అక్షరాలు లేవు.

మంగళవారం పొద్దున పెద్ద సర్జను వచ్చాడు. వెనక ఆరుగురు. రోడా మంచం దగ్గర ఆగి, "ఇవాళ మీ వంతు రాదమ్మా. గురువారం మధ్యాహ్నం చేస్తాం. అందాకా శుభ్రంగా తినండి, తాగండి, కాస్త బలం పట్టాలి," అన్నాడు. ఆరుగురూ తల ఊపారు. ఏడుగురూ వెళ్లిపోయారు.

ఆయన నోటితో చెప్పాడు. అంత చదువుకున్న మనిషి అంత పొరపాటు ఎలా చేశాడో నాకిప్పటికీ అర్థం కాదు.

పది గంటలకు టీ బండి వచ్చింది. దాన్ని తోసేది మార్లీన్.

"రోడాకి ఒక కప్పు ఇవ్వమ్మా," అన్నాను.

మార్లీన్ బోర్డు వంక చూసింది. "ఎన్.బి.ఎం. కదా, తాతా."

"తినమన్నాడు సర్జను. నా ముందే అన్నాడు."

"నా ముందు అనలేదుగా. బోర్డు మారిస్తే పోస్తా. నాదేం పోయింది, కెటిల్ నిండా ఉంది."

"అయితే ఆ బండి కాస్త దూరంగా నిలుపు తల్లీ," అంది రోడా. "ఆ వాసనకి నోరూరుతోంది."

సిస్టర్ బెర్నిస్ ఆ రోజు సెలవు. ఉన్న నర్సుని అడిగాను. ఆ పిల్ల జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. మంచానికో వరస చొప్పున అందరి జాతకాలూ అందులో ఉంటాయి. డ్యూటీ దిగేవాళ్ల కాగితం చూసి డ్యూటీ ఎక్కేవాళ్లు రాసుకుంటారు. "ఇందులోనూ ఎన్.బి.ఎం. అనే ఉంది. డాక్టరు రాస్తేగానీ తియ్యకూడదండీ," అంది.

డాక్టర్ ఫెలోస్ అనే కుర్ర డాక్టరుని పట్టుకున్నాను.

"సర్జన్ గారు తినమని రాశారా?" అన్నాడు.

"అన్నాడు."

"అన్నారు సరేనండీ. రాశారా?"

సాయంత్రం పడవకి పోయి వెన్న రాసిన బన్ను ఒకటి కోటు జేబులో పెట్టుకొచ్చాను. రోడా నోటి దాకా వెళ్లింది. ఇంతలో నర్సు వచ్చి, "అయ్యో, బోర్డు చూడలేదా?" అని ఎంతో మర్యాదగా తీసుకుపోయింది. డ్యూటీ మారింది. కొత్త కాగితం మీదికి పాత అక్షరాలు వచ్చి చేరాయి. మళ్లీ మారింది. మళ్లీ చేరాయి. వాటి చేతిరాత మాత్రం ప్రతిసారీ ఇంకాస్త అందంగా ఉంది.

బుధవారం పొద్దున డాక్టర్ ఫెలోస్ రోడా కాగితాలు తిరగేసి ముఖం చిట్లించాడు. "రెండు రోజులుగా ఈవిడ ఏమీ తిన్నట్టు లేదే. తిండి మీద ధ్యాస ఉండటం లేదా అమ్మా?"

"ఉన్న ధ్యాసంతా దాని మీదే బాబూ," అంది రోడా.

ఆయన అది రాసుకోలేదు. 'రోగి తినడం లేదు, డైటీషియన్‌కి చూపించాలి' అని రాసుకున్నాడు. అదీ రెండు మూడక్షరాల్లోనే. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "మరీ నీరసంగా ఉన్నారు. ఇలాగే ఉంటే రేపు ఆపరేషన్ చెయ్యడం కుదరదేమో," అన్నాడు.

ఎనభై ఒక్కేళ్ల మనిషిని తుంటి అతకకుండా మంచాన పడుకోబెడితే ఆ మనిషి మళ్లీ లేవదు. ఈ సంగతి నాకు ఏ అక్షరాలూ లేకుండానే తెలుసు.

పాఠకులారా, అప్పుడు నాకు తప్పు ఎవరిదో తెలిసింది. తప్పు నాదే. రెండు రోజులుగా నేను మాట్లాడుతున్నాను. ఆ చోట మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది? వాళ్ల పద్ధతి వాళ్లకి ఉంది. ఆ పద్ధతిలో అడగాలి.

బోర్డు పక్కన దారం కట్టి పెన్ను వేలాడుతోంది. చొక్కా చేత్తో ఆ మూడక్షరాలూ తుడిచేశాను. తినొచ్చు అనడానికి ఏం రాస్తారో నాకెవరూ నేర్పలేదు. కానీ కిటుకు తెలుసు. కావలసిన వాటిలో మొదటి అక్షరాలు తియ్యాలి, చుక్కలు పెట్టాలి.

"ఏం కావాలే?" అని రోడాని అడిగాను.

"టీ. బ్రెడ్డు ముక్క."

రాశాను. పెద్దగా, శుభ్రంగా, చుక్కలు పెట్టి మరీ రాశాను.

టి.బి.

అందులో నాకిప్పటికీ తప్పేమీ కనబడదు. వాళ్లు చేసేది అదే కదా?

ఫలితం చూడండి. మార్లీన్ బండి తోసుకుంటూ వచ్చింది, బోర్డు చదివింది, బండిని ఉన్నపళంగా వెనక్కి తిప్పింది. పదేళ్లుగా ఆ చక్రం కిర్రుమంటోందట, ఆ రోజు దానికి కిర్రుమనే వ్యవధి కూడా ఇవ్వలేదు. పది నిమిషాల్లో నర్సులందరి ముఖాలకీ మాస్కులు వచ్చాయి. రోడా మంచాన్ని తోసుకుంటూ పోయి, తలుపూ కిటికీ ఉన్న ఒంటరి గదిలో పెట్టారు. ఆ గది కోసం మిసెస్ ఓక్డెన్ జూన్ నుంచి అడుగుతోంది. డాక్టర్ ఫెలోస్ పరుగున వచ్చాడు. ఆయన వెనక ఇంకొకాయన. ఆయన వెనక, అంతవరకూ ఎవరూ చూడని పెద్దాయన ఒకరు. చివరికి సర్జను కూడా.

రెండు రోజుల మాటలకు ఒక్కరూ రాలేదు. రెండక్షరాలకు నలుగురు డాక్టర్లు!

"ఎన్నాళ్లుగా దగ్గు వస్తోందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"నాకు దగ్గెందుకు వస్తుంది?"

"బరువు తగ్గారా?"

"తగ్గనా మరి?" అంది రోడా.

సెలవు ముగించుకుని వచ్చిన సిస్టర్ బెర్నిస్ మాస్కు వెనక నుంచి నన్ను చూసింది. "బోర్డు మీద ఎవరు రాశారు?"

"నేను."

"ఈవిడకి టి.బి. అని మీకెవరు చెప్పారు?"

"ఆవిడే."

"ఏమని చెప్పింది?"

"టీ. బ్రెడ్డు."

సర్జను గొంతు సవరించుకుని, "మంగళవారమే తినమన్నానుగా," అన్నాడు. ఆరుగురిలో ఎవరు రాయాల్సిందో వాళ్లు నేల చూశారు. సిస్టర్ బెర్నిస్ మాస్కు తీసి జేబులో పెట్టుకుంది. బయటికి వెళ్లి, తనే స్వయంగా కప్పు నిండా టీ, కాల్చిన బ్రెడ్డు రెండు ముక్కలు, మార్మలేడ్ జామ్ పట్టుకొచ్చింది. మంచం మీద కూర్చుని, "చక్కెర ఎంత వెయ్యనమ్మా?" అని అడిగింది.

"మూడు," అంది రోడా. ఇంటి దగ్గర ఆవిడ ఒకటే వేసుకుంటుంది.

గురువారం మధ్యాహ్నం ఆపరేషన్ అయింది. ఇప్పుడు నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని కాలువ గట్టున నడుస్తోంది, దారిలో బాతులన్నిటినీ తిడుతోంది.

వార్డులో కూడా మార్పు వచ్చింది. మేం బయలుదేరే రోజుకి ప్రతి బోర్డు పక్కనా ఒక కాగితం అంటించారు. 'రోగి బంధువులు ఈ బోర్డు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ ఏమీ రాయకూడదు' అని. అది చదవడానికి నాకు పావుగంట పట్టింది. ఆ వార్డంతటిలో పూర్తి మాటల్లో రాసిన కాగితం అదొక్కటే.

గుమ్మం దగ్గర సిస్టర్ బెర్నిస్ నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. కొత్తగా చేరిన నర్సులు బట్టీ పట్టే పొట్టి అక్షరాలన్నీ అందులో ఉన్నాయి. "మళ్లీ ఎప్పుడైనా రాయాలనిపిస్తే ముందు ఇది చూడండి, తాతగారూ," అంది. నవ్విందో లేదో చెప్పలేను.

రోజుకో పేజీ చొప్పున చదివాను. పోయిన వారం పూర్తయింది. ఏమి పుస్తకమండీ అది. ఆయాసానికి అక్షరాలున్నాయి. దురదకి ఉన్నాయి. వాంతికి, వాంతి వచ్చేలా ఉండటానికి, వచ్చి ఆగిపోవడానికి విడివిడిగా ఉన్నాయి. విరేచనం కావడానికి అక్షరాలున్నాయి, కాకపోవడానికీ ఉన్నాయి.

ఆకలికి మాత్రం లేవు. రెండుసార్లు మొదటి నుంచీ వెతికాను.

పాపం, అదింకా పూర్తి మాటగానే ఉండిపోయింది.