ఊరందరికీ ఒకటే గొలుసుల పెట్టె

ఆ శనివారానికి రాదిసావ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి గడ్డం గీసుకోవాలి, తొమ్మిదింటికి కొత్త కోటు తొడుక్కోవాలి, పదింటికి భార్య స్టాంకాను జీపులో ఎక్కించుకుని కొండ దిగాలి, పన్నెండింటికి లోయలోని చర్చిలో బొగ్దాన్ పెళ్ళికి కూమ్‌గా నిలబడాలి. కూమ్ అంటే పెళ్ళికొడుకు పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడే సాక్షి. మేనమామ రాకపోయినా పెళ్ళి ఆగదు గానీ, కూమ్ లేకపోతే పాదిరిగారు పుస్తకమే తెరవరు. పైగా బొగ్దాన్ తాత పెళ్ళికి రాదిసావ్ తాతా, బొగ్దాన్ తండ్రి మిలుతిన్ పెళ్ళికి రాదిసావ్ నాన్నా కూమ్‌లుగా నిలబడ్డారు. ఇప్పుడు వంతు తనది.

గడ్డం సగం గీసుకుని కిటికీ తెరిచేసరికి జీపు కనిపించలేదు. జీపు ఉండాల్సిన చోట ఒక తెల్లని గుట్ట ఉంది.

"ఏమయ్యా, మంచులో జారకుండా టైర్లకి గొలుసులు వెయ్యాల్సిందే," అంది స్టాంకా వెనకనుంచి తొంగిచూసి.

"ఐదు నిమిషాల పని. కళ్ళు మూసుకుని వేస్తా," అన్నాడు రాదిసావ్. ఈ మాట అతను తొమ్మిదేళ్ళుగా సారాకొట్టులో చెబుతూనే ఉన్నాడు. ఒక్కసారీ వేసి చూడలేదని అతనికి తప్ప ఎవరికీ తెలియదు. సబ్బు నురగ తుడుచుకుని, మిగతా సగం గడ్డం తర్వాత చూసుకోవచ్చని పక్కింటి ఒబ్రాద్ దగ్గరికి పరుగెత్తాడు.

గొలుసుల పెట్టె ఒబ్రాద్ ఇంట్లో ఉంది. చలికాలంలో బండిలో గొలుసులు లేకుండా కొండ రోడ్డెక్కితే ఐదువేల దినార్ల జరిమానా. ఊళ్ళో జీపులు పదకొండు, పెట్టె ఒక్కటే. దిగేవాడు దాన్ని తీసుకెళ్తాడు, చెక్‌పోస్టులో సార్జంటు పెట్టె పట్టుకుని ఒకసారి ఊపుతాడు, లోపల గలగలమనగానే పొమ్మంటాడు, సాయంత్రం పాలబండిలో పెట్టె పైకి వచ్చేస్తుంది. ఒకే రోజు ఇద్దరికి పని తగిలితే ఒకరికి జ్వరం వస్తుంది. నిజంగా మంచు పడ్డ రోజున మాత్రం ఎవరూ దిగరు. రోడ్డు గీకే బండి వచ్చేదాకా పొయ్యి దగ్గర కూర్చుంటారు. అందుకే ఆ గొలుసులు చక్రం ముఖం చూసి ఎరగవు.

"ఇంత మంచులో పెట్టెందుకురా? సార్జంటు మాత్రం బయట నిలబడతాడా?" అన్నాడు ఒబ్రాద్.

"చూపించడానికి కాదన్నా, వెయ్యడానికి."

ఒబ్రాద్ ముఖం పాలిపోయింది. "వెయ్యడానికా! చక్రాలకా?"

"మరి మెడలో వేసుకుంటానా?"

"అలా నడిచి పోరాదూ? ఒంటికీ మంచిది."

"పద్నాలుగు కిలోమీటర్లన్నా! నేను కూమ్‌నైతే నీకెందుకు ఏడుపు?"

ఒబ్రాద్‌కి కళ్ళు కుట్టాయనే రాదిసావ్ నమ్మాడు. ఆ నమ్మకంతో పది నిమిషాలు పోట్లాట జరిగింది. చివరికి స్టాంకాయే వచ్చి, ఇద్దరినీ పక్కకు నెట్టి పెట్టె మూత తీసింది. లోపల ఒక గొలుసు, రెండు గుర్రపు నాడాలు, ఒక ఇస్త్రీపెట్టె ఉన్నాయి.

"రెండోది ఆబోతు మెడలో ఉంది," అన్నాడు ఒబ్రాద్ నేలచూపులు చూస్తూ. "ఇనుప గొలుసైతేగానీ ఆగట్లేదురా. బరువు తగ్గితే సార్జంటు పసిగడతాడని మా ఆవిడ ఇస్త్రీపెట్టె పెట్టా. గలగలకి నాడాలు."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అవతల మిలుతిన్.

"కూమ్, బయల్దేరావా?"

"ఇదిగో, వస్తున్నా! ఒక గొలుసు ఆబోతు మెడలో ఉంది, అది విప్పుకుని..."

"పొద్దున్నే రకియా సారా పట్టించావా?"

"చుక్క ముట్టలేదు! ఒట్టు!" అని రాదిసావ్ అంటుండగానే కొట్టంలోంచి ఆబోతు రంకె వేసింది.

"కొట్టంలో ఉన్నావా! నా కొడుకు పెళ్ళి రోజున కొట్టంలో ఉన్నావా!" మిలుతిన్ అరిచాడు. "విను. పన్నెండు కొట్టగానే నేను చర్చి గేటు బయటికి వస్తా. దారిలో ఎవడు ముందు కనబడితే వాడే కూమ్. ఆ తర్వాత నువ్వొచ్చినా గుమ్మం బయటే."

అది పాత పద్ధతి. కూమ్ రాకపోతే దారిలో ఎదురైన మొదటి మనిషిని పిలుస్తారు. వాడు కాదనకూడదు, పిలిచినవాడు మాట మార్చకూడదు. మిలుతిన్ అన్నంత పనీ చేసే మనిషి. నాన్న నిలబడిన చోట ఏ గొర్రెల బేరగాడో నిలబడతాడని తలుచుకోగానే రాదిసావ్ కొట్టంవైపు పరుగెత్తాడు.

ఆబోతు మెడలో గొలుసు విప్పాలంటే దాన్ని ఇంకోదానితో కట్టాలి. కొట్టంలో తాళ్ళన్నీ గడ్డకట్టి కర్రల్లా ఉన్నాయి. "నీ బెల్టియ్యి," అన్నాడు ఒబ్రాద్. పెళ్ళి ప్యాంటుకున్న కొత్త తోలు బెల్టు ఆబోతు ముక్కుకడియంలో దూరింది.

గొలుసు వెయ్యడం ఐదు నిమిషాల పని కాలేదు. మొదటిసారి తిరగేసి వేశారు. రెండోసారి జీపు కదలగానే గొలుసు జారి, ఎగిరి ఒబ్రాద్ మోకాలికి తగిలింది. "పెట్టె మూతమీద బొమ్మ చూడండి, లోపలి కొక్కెం ముందు తగిలించాలట!" అని స్టాంకా అరుస్తూనే ఉంది. తీరా చూస్తే ఆబోతు మెడకి సరిపోవాలని ఒబ్రాద్ రెండో గొలుసు కొక్కేలు ఎప్పుడో కోసేశాడు. దాన్ని చక్రానికి బిగించి, ఆబోతు మెడలో దానికి వేసి ఉన్న తాళంకప్పే మళ్ళీ వేశారు. టైము పదకొండూ పది.

కానీ జీపు ఏం దిగిందని! మోకాలిలోతు మంచులో రైలులా పోయింది. రాదిసావ్‌కి ప్రాణం లేచివచ్చింది.

"చూశావా? కళ్ళు మూసుకుని వేస్తానన్నానా లేదా!"

"ముందు కళ్ళు తెరిచి నడుపు," అంది స్టాంకా.

చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి మంచు లేదు. కింద రోడ్డంతా అప్పటికే గీకేశారు. నల్లని తారు మీద గొలుసులు టకటకమని ఊరు లేచేలా మోగుతుంటే సార్జంటు బయటికొచ్చి చెయ్యెత్తాడు.

"పెట్టె ఏది?"

"ఇవాళ చక్రాలకే ఉన్నాయి సార్!"

సార్జంటు జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. గొలుసులు కళ్ళారా చూడడం ఆయనకీ అదే మొదటిసారి. "తారు మీద గొలుసులతో పోకూడదు, రోడ్డు పాడైపోతుంది. విప్పు."

తాళంచెవి ఒబ్రాద్ జేబులో ఉంది. ఒబ్రాద్ ఆబోతు దగ్గర ఉన్నాడు.

"సార్, పెళ్ళి సార్. నేను కూమ్‌ని సార్."

"అయితే నడిచి పో. బండి కదలడానికి లేదు."

"బండి నేను చూసుకుంటా, నువ్వు పరుగెత్తు!" అని స్టాంకా అతన్ని కిందికి తోసింది. ఇంకా రెండు కిలోమీటర్లుంది. టైము పన్నెండుకి పావు తక్కువ. బెల్టు లేని ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని రాదిసావ్ పరుగు లంకించుకున్నాడు. ఆఖరి మలుపు ఇంకా తిరగకముందే చర్చి గంట పన్నెండు కొట్టింది. అతని కాళ్ళు ఆగిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాతల నాటి వరస తన చేతుల్లో తెగిపోయింది. కనీసం మిలుతిన్ కాళ్ళు పట్టుకుందామని, తలవంచుకుని మెల్లగా నడిచాడు.

గేటు దగ్గర మిలుతిన్ అన్నమాట ప్రకారం నిలబడి ఉన్నాడు. వెనక పెళ్ళికూతురు, పాదిరిగారు, బాజాలవాళ్ళు, మూడువందల మంది చుట్టాలు. దారిలో పురుగు కూడా లేదు. అంతలో మలుపు దగ్గర ఒక మనిషి కనిపించాడు. సగం గడ్డం, మసి చేతులు, ఊడిపోతున్న ప్యాంటు. ఎవడో బిచ్చగాడనుకున్నాడు మిలుతిన్. అయినా పద్ధతి పద్ధతే.

"ఓ నాయనా, నువ్వే మా కూమ్‌వి! ఇటు రా!" అని అందరూ వినేలా కేకేశాడు.

ఆ మనిషి తలెత్తాడు. మిలుతిన్ మీసం వణికింది. పిలిచిన పిలుపు వెనక్కి తీసుకోవడానికి లేదు, మూడువందల మంది విన్నారు. పాదిరిగారు గొంతు సవరించుకుని పుస్తకం తెరిచారు. రాదిసావ్ కుడిచేత్తో కొవ్వొత్తి, ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని తాత నిలబడిన చోటే నిలబడ్డాడు. పెళ్ళి జరిగినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు, కొవ్వొత్తి మాత్రం కదలనివ్వలేదు.

మిలుతిన్ అంత తేలిగ్గా కరిగే మనిషి కాదు. విందులో పెళ్ళికూతురి తరఫు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పలకరిస్తుంటే, సాయంత్రం దాకా అందరికీ ఒకే మాట చెప్పాడు:

"మా కూమ్ రాలేదండీ. ఈయనెవరో, పాపం, దారిలో దొరికాడు."