నిప్పు పుట్టే చోట బొట్టు

ఆ ఉదయం వీరాంజనేయులు వేసుకున్న పథకం చాలా చిన్నది. తన పాత నాలుగు చక్రాల ట్రాలీ బండి స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించడం. ఆపైన కోటేశ్వరమ్మ టెంట్ హౌస్ సామాను ఎక్కించుకుని మాచర్ల నుంచి విజయపురి సౌత్‌లో పెళ్ళివారింటికి చేర్చడం. పథకం చిన్నదే గానీ దాని మీద వేలాడుతున్నది పెద్దది.

కోటేశ్వరమ్మ ముందురోజే తేల్చి చెప్పింది. "ఈ పెళ్ళిళ్ళ సీజనంతా నాకు ఒక్క బండి చాలు. నీ పెట్రోలుదా, ఫయాజ్ డీజిలుదా రేపు చూసి చెప్తా. చెరి సగం ఎక్కించుకోండి. ఎక్కుడులో ఆగిపోయే బండి నాకొద్దబ్బాయ్."

ఎక్కుడు, అంటే రోడ్డు ఎత్తెక్కే చోటు, వచ్చిందంటేనే వీరాంజనేయులు బండికి దగ్గు. అది బండి తప్పు కాదు, పెట్రోలు ఇంజను జాతే అంత అని అతని నమ్మకం. ఏ ఇంజను బండి కొనాలా అని ఆరు నెలలుగా అన్నం ముందు కూర్చుని లెక్కలు వేస్తున్నాడు. "డీజిలుకు లాగుడుంది, పెట్రోలుకు పరుగుంది, గ్యాసుకు పొదుపుంది" అని అతనంటే, "మరి మీకేముంది?" అని భార్య ప్రసన్నలక్ష్మి మజ్జిగ పోసేది.

ఆ ఇంట్లో అతని మాట చెవిన పెట్టే మనిషి ఒక్కతే, పెదకూరపాడు నుంచి డ్యాము చూడ్డానికొచ్చిన అత్తగారు బుజ్జమ్మ. అందుకే ప్లగ్గులు రుద్దుతూ ఆమెకు పాఠం చెప్పాడు.

"అత్తా, ఇదిగో ఈ కొసన సందు సూడు. నిప్పు పుట్టేది ఈడనే. బండి ప్రాణమంతా ఈ సందులోనే ఉంది."

బుజ్జమ్మ చేతులు జోడించింది. ఇంత శ్రద్ధగా వినేవాళ్ళుంటారని తెలిస్తే తాను బడిపంతులే అయ్యేవాడిననుకుంటూ వీరాంజనేయులు ప్లగ్గులు పళ్ళెంలో పెట్టి స్నానానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ప్లగ్గుల కొసలు ఎర్రెర్రగా ఉన్నాయి. కళ్ళజోడు లోపలుంది. అయినా అతను పొంగిపోయాడు. ప్లగ్గు కొస ఇటుకరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టని మెకానిక్కులంతా చెప్పేదే. తన పనితనాన్ని తానే మెచ్చుకుంటూ నాలుగూ బిగించేశాడు.

షామియానాలు, గుంజలు, వంట గుండిగలు ఎక్కాయి. వాటిపైన టెంట్ హౌస్ కూలీ పిచ్చియ్య ఎక్కాడు. ముందు సీట్లో బుజ్జమ్మ కూర్చుంది. తాళం తిప్పితే బండి వణికింది, కుంటింది, ఊరి చివరకొచ్చాక 'ఢాం' అని పేలింది.

"ఏంది బావా, పెళ్ళివారి టపాకాయలు కూడా మనమే ఎక్కించామా?" అన్నాడు పైనుంచి పిచ్చియ్య.

"పెట్రోల్లో నీళ్ళు కలిపార్రా!" అంటూ వీరాంజనేయులు బండిని బంకుకు తిప్పాడు. బంకు కుర్రాడు సీసాలో పట్టి చూపించాడు. చుక్క నీళ్ళు లేవు. ఈ గొడవ చూసి చుట్టూ నలుగురు చేరారు. ఒకడు గేరుబాక్సు పోయిందన్నాడు, ఒకడు దిష్టి అన్నాడు. మూడోవాడు ఇంజనే అయిపోయిందని, సంతాపం చెప్పినట్టు భుజం తట్టాడు.

అంతలో వెనకనుంచి తన వంతు సామానుతో ఫయాజ్ వచ్చాడు.

"అన్నా, మా డీజిలుకు ఈ ప్లగ్గుల బాధే లేదు. కావాలంటే సగం బరువు నాకియ్యి."

వీరాంజనేయులు గుండిగలన్నీ ఇచ్చేశాడు. దాంతో ఊరుకోక, "ఈ శనిని అమ్మేస్తా ఫయాజూ. నీ లాంటి బండి ఒకటి సూడు" అని కూడా అన్నాడు. పైనుంచి పిచ్చియ్య అడక్కుండానే కోటేశ్వరమ్మకు ఫోన్ కొట్టాడు. "అక్కా, మన బావ ఇంజను పోయింది. సామాను ఫయాజ్ బండిలో పోతా ఉంది." అవతల నుంచి కోటేశ్వరమ్మ గొంతు రోడ్డంతా వినపడింది. "అయితే సీజను ఫయాజ్‌దే అని చెప్పు!"

ఫయాజ్ హారన్ కొట్టి మరీ వెళ్ళాడు. ఎత్తిపోతల జలపాతం దగ్గర ఎక్కుడులో సగానికొచ్చి వీరాంజనేయులు బండి పూర్తిగా ఆగిపోయింది. పిచ్చియ్య దిగి చక్రం కింద రాయి పెట్టాడు. ఇక పోయేదేమీ లేదని వీరాంజనేయులు కళ్ళజోడు పెట్టుకుని ప్లగ్గు విప్పాడు. కొసన నూనె జిడ్డుతో సిందూరం! రెండోదానికీ సిందూరం, మూడోదానికీ సిందూరం. నాలుగోదానికి పసుపు.

"అత్తా! ఏందిది?"

"ఆంజనేయసామి సిందూరం అల్లుడుగారూ. నిప్పు పుట్టేది ఈడనే, పేణమంతా ఈడనే అని మీరేగా చెప్పారు. ఈడనే పెట్టా. నాలుగోదానికి చాల్లేదు, పసుపుతో సరిపెట్టా."

వీరాంజనేయులు బండికి ఆనుకున్నాడు.

"సందు మరీ ఎడంగా ఉంది గదా, బొట్టు నిలబళ్ళా. పచ్చడిబండతో నాలుగిటినీ మెల్లగా తట్టి దగ్గరికి చేశా" అంది బుజ్జమ్మ, చేసిన మేలు పూర్తిగా చెప్పకపోతే పాపమన్నట్టు.

"తట్టావా? ఇంకేముంది, అయిపోయింది!"

ఆశ లేకుండానే ప్లగ్గులు పెట్రోలుతో కడిగి, తుడిచి బిగించాడు. తాళం తిప్పాడు. బండి కొన్నప్పటినుంచి విననంత శుభ్రంగా ఇంజను పాడింది. రాయి తీయగానే ఎక్కుడు మీదికి నున్నగా పోయింది. "బావో, నేనెక్కలా!" అని పిచ్చియ్య వెనక పరుగెత్తాడు. వీరాంజనేయులుకు అప్పుడు తట్టింది. ఏళ్ళుగా అరిగి అరిగి ఆ సందు వెడల్పయింది. బరువు పడ్డప్పుడు నిప్పు దాన్ని దూకలేకపోయేది. కొత్త ఇంజను కోసం తాను ఆరు నెలలు లెక్కలు వేశాడు, పచ్చడిబండ నాలుగు దెబ్బల్లో తేల్చేసింది.

ఎక్కుడు పైన ఫయాజ్ బండి రోడ్డు పక్కన ఒరిగి ఉంది. తన సామానుకు తోడు గుండిగల బరువు కూడా మోసి వెనక టైరు పేలింది. స్టెప్నీలో గాలి లేదు. ఫయాజ్ గుండిగ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం ఫయాజూ, సగం బరువు నాకిస్తావా?"

"మొత్తం తీసుకుపో అన్నా. ముహూర్తం నా టైరు కోసం ఆగుద్దా?"

పెళ్ళివారింట్లో బియ్యం కడిగి కూర్చున్న వంటవాళ్ళు రెండు బళ్ళ సామాను ఒక్క బండిలో దిగడం చూశారు. బస్సులో ముందే వచ్చిన కోటేశ్వరమ్మ కూడా చూసింది. "ఇంజను పోయిందన్న సన్నాసి ఎవడ్రా?" అంది. పిచ్చియ్య షామియానా కింద దూరాడు. "సీజను నీదే ఈరాంజనేయులూ. ఆ బండి మాత్రం అమ్మబాక."

సాయంత్రం బుజ్జమ్మకు డ్యాము చూపిస్తుంటే, పిచ్చియ్య నోట కథంతా విని, టైరు మార్పించుకొచ్చిన ఫయాజ్ ఎదురయ్యాడు. "పెద్దమ్మా, మా బండికి కూడా ఒకసారి చెయ్యి వెయ్యరాదా?"

"నీ బండికి ప్లగ్గులే లేవంటగా నాయనా, ఏడ తట్టాల?" అంది బుజ్జమ్మ జాలిగా.

ఆ తర్వాత మళ్ళీ ప్లగ్గులు విప్పిన రోజున వీరాంజనేయులు ముందుగా కళ్ళజోడు పెట్టుకున్నాడు, తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పచ్చడిబండ ఎక్కడుందని ప్రసన్నలక్ష్మిని చాలా మర్యాదగా అడిగాడు.