మూడో క్రేనుకు మూడు మొదటి పనులు

రెండువేల ఇరవైనాలుగు ఫిబ్రవరి పన్నెండు, సోమవారం, ఉదయం ఎనిమిది గంటలు. విశాఖ రేవులో ఒక ప్రైవేటు సంస్థ మరమ్మతుల గదిలో హాజరైనవారు నలుగురు: విభాగాధికారి గురునాథరావు, కరెంటు పనుల దేవకుమార్, ఆయిలు గొట్టాలు చూసే కృష్ణంరాజు, సెన్సర్లు చూసే యశస్విని. మూడో క్రేను తెల్లవారినప్పటినుంచి కదలడం లేదు. సాయంత్రం నాలుగింటికి ఓడ వస్తుంది. అప్పటికి క్రేను లేవకపోతే ఈ నలుగురినీ తలోచోటికి పంపి, పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తానని పై అధికారి సన్యాసిరాజు ముందే హెచ్చరించారు.

నిపుణుల మాటకు అడ్డు చెప్పడం గురునాథరావు స్వభావంలో లేదు. ముందుగా ఏ పని జరగాలో ఎవరికి వారు చీటీ మీద రాయమన్నారు. ముగ్గురూ తమ పనే రాశారు. ఎవరినీ నొప్పించలేక ఆయన మూడు చీటీల మీదా ‘ఒకటి’ అని వేసి సంతకం చేశారు.

క్రేను మీద పనిచేసే ప్రతివారూ మెయిన్ స్విచ్‌కు తమ సొంత తాళం వేసి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకోవాలన్నది అక్కడి నియమం. తొమ్మిదికల్లా మూడు తాళాలు పడ్డాయి. వైర్లు ఊడాయి, ఆయిలు ఖాళీ అయింది, సెన్సర్లు బల్ల మీదికి చేరాయి. పదకొండింటికి దేవకుమార్ కృష్ణంరాజుకు ఫోన్ చేశాడు.

“బావా, కరెంటిచ్చి సూడాల. నీ తాళం తియ్యి. ఎక్కడున్నావ్?”

“గోపాలపట్నంలో. ఆయిలు సీలు కోసం తిరగతన్నాను.”

“మరి తాళంచెవో?”

“నా జేబులోనే భద్రంగా ఉంది. నువ్వేటీ బెంగపడకు.”

ఒంటిగంటకు కృష్ణంరాజు వచ్చాక అసలు తగాదా మొదలైంది.

“కరెంటిస్తేనే కదా పంపు తిరిగేది? అప్పుడు ఆయిలు పోస్తాను,” అన్నాడు కృష్ణంరాజు.

“ఆయిలు లేకుండా తిప్పితే పంపు కాలిపోద్ది బావా!” అన్నాడు దేవకుమార్.

“మీరిద్దరూ తేల్చుకునేదాకా నేను సెన్సర్లు బిగించను సర్,” అంది యశస్విని. ముగ్గురూ సంతకమున్న చీటీలు గురునాథరావు ముఖం ముందు పెట్టారు.

రెండింటికి క్రేను నడిపే కన్నబాబు డ్యూటీకి వచ్చి నిర్ఘాంతపోయాడు.

“ఇదేటి సర్, ఇలా ఊడదీసీసినారు?”

“కదలడం లేదు కదయ్యా!”

“ఎలా కదుల్తాది? నిన్న సాయంత్రం పట్టాల మీదికి కుక్కొచ్చింది. పైన ఎర్ర బటన్ నొక్కి ఆపినాను. మళ్లీ దాన్ని బయటికి లాగితేగానీ కదల్దు. ఆ లాగడం మర్సిపోనాను.”

“పొద్దున్నే చెప్పొద్దూ?”

“నన్నెవులు అడిగినారు సర్?”

పైన కేబిన్‌కు నూట పన్నెండు మెట్లు. మిగిలిన ఇద్దరిలో ఎవరో ఒకరు ఎక్కి చూసే ఉంటారని ముగ్గురూ నమ్మారు. అయిదు నిమిషాల్లో లేవవలసిన క్రేను ఇప్పుడు ముక్కలై ఉంది. ఓడకు రెండు గంటల వ్యవధి.

గురునాథరావు చీటీలు మూడూ తీసుకుని చింపేశారు.

“రాజుగారూ, ముందు మీ ఆయిలు. తరవాత దేవకుమార్ వైర్లు. ఆపైన యశస్విని. పనయినవాళ్లు తాళం తీసుకుని పక్కకు రండి.”

“అయితే నాది ఒకటో నంబరు కాదా సర్?” అన్నాడు దేవకుమార్.

“కాదు. రెండు.”

ఆ మాటకు దేవకుమార్ బాధపడలేదు సరికదా, తేలికపడినట్టు కనిపించాడు. కన్నబాబు మెట్లెక్కి బటన్ లాగాడు. నాలుగుకు అయిదు నిమిషాలుండగా క్రేను కదిలింది.

అయిదింటికి సన్యాసిరాజు ఫోన్ చేశారు. “ఒక్కపూటలో అంత పెద్ద రిపేరా! కాంట్రాక్టరు మాట మర్చిపోండి, గురునాథరావుగారూ.”

“అసలు రిపేరే లేదండి, అది బటన్...”

“మీ వినయం నాకు తెలుసులెండి. రేపట్నుంచి నాలుగో క్రేను కూడా మీకే.” ఫోన్ పెట్టేశారు.

గురునాథరావు నివేదిక రాశారు. లోపం: నొక్కిన బటన్. మరమ్మతు: లాగుట. పట్టిన కాలం: ఎనిమిది గంటలు. తలలు వంచుకుని నిపుణులు ముగ్గురూ సంతకాలు చేశారు. ఆయనా చేసి, కాగితం నాలుగు మడతలు పెట్టి సొరుగులో దాచారు.

నాలుగో క్రేను అప్పటికి నిక్షేపంగా పనిచేస్తోంది.