నెమలిగుట్టలో భూగర్భజలం పెరిగిన వైనం

నెమలిగుట్ట పట్టణంలోని నీళ్లు, చెట్లు, చప్పుళ్లు ఇకమీదట మున్సిపల్ కౌన్సిల్ పర్యవేక్షణలోనే నడుచుకుంటాయని చైర్మన్ లింగస్వామి గారు ప్రకటించారు. మూడు నెలలకోసారి ‘స్థానిక పర్యావరణ స్థితి నివేదిక’ అచ్చువేసి జిల్లాకు పంపుతామన్నారు. దేవరకొండ చుట్టుపక్కల ఇంతవరకు ఏ పర్యావరణానికీ ఇంతటి గౌరవం దక్కలేదని కూడా అన్నారు.

సభ చివర నిలబడి విన్న మున్సిపల్ ట్యాంకర్ డ్రైవర్ ఎల్లేష్‌కు ఒళ్లు పులకరించింది. అతనిది కాంట్రాక్టు నౌకరి. చైర్మన్ గారు మెచ్చుకుంటే పర్మినెంట్ అవుతుందని ఆశ. అతనుండేది ఎనిమిదో వార్డులో, తల్లి హనుమమ్మతో. అక్కడ బోర్లన్నీ ఎండిపోయాయి. కొడుకు ట్యాంకర్ తెస్తేనే ఆమె పొయ్యి మీదికి ఎసరు ఎక్కేది.

చప్పుడు పని తొందరగా తేలిపోయింది. కొలిచే యంత్రాన్ని కౌన్సిల్ హాల్లో పెట్టి, ప్రతిపక్ష సభ్యుల మైకులు తీసేశారు. శబ్ద కాలుష్యం ఆ పూటే సగానికి పడిపోయింది. చెట్ల సంగతి ఇంకా సులువు. నాటిన మొక్కల్లో ఒక్కటి కూడా తాను చచ్చినట్టు ఫిర్యాదు చేయలేదని రాశారు.

నీళ్ల దగ్గరే చిక్కొచ్చింది. భూగర్భజలం కొలవడానికి ఇంజనీర్ గోపీకృష్ణ ఆఫీసు వెనకున్న పాత చేదబావిని ఎంపిక చేశాడు. ఎండలో ఎక్కడికీ పోనక్కర్లేని చోటు గనుక ఎంపిక శాస్త్రీయంగానే జరిగింది. కానీ టేపు బావి అడుగు దాకా పోయి, పొడిగా పైకొచ్చింది.

“సార్, నీళ్లు లేవు.”

“లేవని రాస్తే గది రిపోర్టెట్ల అయితదయ్యా? కంప్లెంటు అయితది,” అన్నారు చైర్మన్ గారు. అప్పుడే ఎనిమిదో వార్డుకు బయల్దేరుతున్న ఎల్లేష్ ట్యాంకర్ ఆయన కంటపడింది.

“గోపీకృష్ణా, మంత్రి వస్తుండంటే ఏం జేస్తం? దుమ్ము లేవకుంట రోడ్డు తడుపుతం. గది మోసమా?”

“కాదు సార్. మర్యాద.”

“మరి పైకి రిపోర్టు పోతుంటే బాయి తడుపుడు మోసమెట్లయితది?”

గోపీకృష్ణ టేపు చుట్టేశాడు. ఎల్లేష్ మాత్రం నసిగాడు. “సార్, మా వార్డుల ఆడోళ్లు బిందెలు లైన్ల పెట్టుకొని ఉన్నరు.”

“వార్డు ఎక్కడికి పోతది ఎల్లేషూ? రిపోర్టు పోవాలె గద!”

ఎల్లేష్ ట్యాంకర్‌ను రివర్స్ చేశాడు. వాన చుక్క పడకుండానే నెమలిగుట్టలో జలమట్టం పెరిగిందనీ, ఇది పరిపాలనా దక్షత వల్లనే సాధ్యమైందనీ మొదటి నివేదిక వెలువడింది.

సాయంత్రం ఇంటికి పోతే హనుమమ్మ గడపలోనే అడ్డం తగిలింది.

“పొద్దటి సంది ఎదురుసూస్తున్నం. నీళ్లేడబోసినవ్‌రా?”

“భూమిల పోసినమ్మా.”

“భూమికేమన్న దూపైందా?”

“రిపోర్టుకైంది.”

తన మాటకు తానే నవ్వాడు గానీ, తల్లి పక్కవాడకు పోయి అడుక్కొచ్చిన నీళ్లతో వండిన అన్నాన్ని సగంలోనే వదిలి లేచాడు.

ఒక నివేదిక కంటే మరుసటిది మెరుగ్గా ఉండాలన్నది పరిపాలనలో మొదటి సూత్రం. అందుకని ఒక ట్యాంకర్ చాలలేదు. మరుసటి నివేదికకు రెండు పోశారు. గ్రాఫు గీత గుట్టెక్కింది. నల్గొండలో పెద్ద సభ పెట్టి చైర్మన్ గారికి శాలువా కప్పారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక మున్సిపాలిటీ బృందం అధ్యయనానికి వచ్చి, ఉపన్యాసాలన్నీ ఓపిగ్గా విని, పోతూ పోతూ ఎల్లేష్‌ను పక్కకు పిలిచింది. “అన్నా, గీ ట్యాంకర్ ఎన్ని లీటర్లది?”

ఆ తర్వాత పైనుంచి ఉత్తర్వు దిగింది. నెమలిగుట్టలో భూగర్భజలం సమృద్ధిగా ఉన్నందున ఎనిమిదో వార్డుకు ట్యాంకర్ సరఫరా నిలిపివేయడమైనది. ఖాళీ అయిన ట్యాంకర్‌కు ఆకుపచ్చ రంగు వేసి, ‘పర్యావరణ పర్యవేక్షణ వాహనం’ అని రాయించారు. ఇప్పుడు దానికి బావి తప్ప వేరే పని లేదు.

హైదరాబాద్ నుంచి తనిఖీ బృందం వచ్చే రోజున ఎల్లేష్ పొద్దున్నే బావి నింపాడు. పైపు చుట్టి పెట్టేలోగా ఎనిమిదో వార్డు ఆడవాళ్లు తాళ్లూ బకెట్లూ బిందెలూ పట్టుకుని గేటు తోసుకొచ్చారు. ముందు హనుమమ్మ ఉంది.

“ముట్టొద్దమ్మా! అవి నీళ్లు కావు, డేటా!” అని గోపీకృష్ణ పరుగెత్తుకొచ్చాడు.

“గా డేటానే రెండు బిందెలు తోడుకుంటం బిడ్డా. బువ్వ వండుకోవాలె.”

తల్లి చేతిలో తాడు లాక్కోవడానికి ఎల్లేష్‌కు చేయి రాలేదు. సిగ్గుతో ట్యాంకర్ చాటుకు పోయాడు. చూస్తుండగానే బకెట్టు అడుగును గీకింది. అంతలో తనిఖీ బృందం కార్లు మలుపు తిరిగాయని ఫోనొచ్చింది.

చైర్మన్ గారు కంగారు పడే మనిషి కాదు. “ఎల్లేషూ, నీ నౌకరి ఉండాల్నా, ఊడాల్నా? మీ అమ్మకు జర చెప్పు.”

ఎల్లేష్ వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. “నీళ్లు తిరిగి బాయిల పొయ్యవే అమ్మా.”

హనుమమ్మ కొడుకు మొహం చూసింది. చంకలో బిందె దించి బావిలోకి వంపింది. ఆమె వంపాక మిగతావాళ్లూ, చైర్మన్ గారినీ ఆయన వంశాన్నీ తిట్టుకుంటూ, ఒక్కొక్కరే వంపారు. కార్లు దిగిన అధికారులకు కనిపించింది ఆ దృశ్యమే.

“ఏమిటిది?” అన్నాడు పెద్ద అధికారి.

“ప్రజల భాగస్వామ్యం సార్,” చైర్మన్ గారు చేతులు జోడించారు.

అధికారి కళ్లు చెమర్చాయి. బిందె వంపుతున్న హనుమమ్మ ఫొటో మరుసటి నివేదికకు ముఖచిత్రమైంది.

కొన్నాళ్లకు ఆకుపచ్చ ట్యాంకర్ ఎనిమిదో వార్డులో ఆగింది. ఆడవాళ్లు ఇళ్లలోంచి ఉరికొచ్చి బిందెలు వరసపెట్టారు. ఎల్లేష్ క్యాబిన్‌లోంచి అద్దాల ఫ్రేముల కట్ట దింపాడు. ప్రతి ఇంటికీ ఒక ‘జలమిత్ర’ ప్రశంసాపత్రం.

“నీళ్లేవిరా?” అంది హనుమమ్మ.

“నీళ్ల పని అయిపోయిందమ్మా. వచ్చే నెల సంది గాలి కొలుస్తరట. మిషిని మన వార్డులనే పెడుతున్నరు.”

హనుమమ్మ ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూసి, తన బిందె మీద మూతగా బోర్లించింది.

“ఖాళీ బిందెకు మూతెందుకే అమ్మా?”

“గాలి గూడ కొలుస్తరంటివి గదరా. లోపల గంతన్న మిగలనీ.”