లక్ష్మీపతి చేసిన కేరాఫ్ సంహారము

హార్స్లీ కొండల చల్లగాలి మదనపల్లె వీధులను తడుముచుండగా, పందొమ్మిదివందల ఎనుబదినాలుగవ సంవత్సరమున, శుభకరమైన ఒక సోమవారమున, బీమా కార్యాలయమువారు ఇంకను భోజనమునకు లేవకముందే, పుంగనూరు పురవాసియు, ఫియట్ రథారూఢుడును, అద్దెగృహ క్లేశసహిష్ణువును అగు లక్ష్మీపతి, సహధర్మచారిణి మునిరత్నమ్మతో గూడి ఆ కార్యాలయ ద్వారమున అవతరించెను.

ఏల వచ్చెను? కుప్పములో ఇరువదియేండ్లు అద్దెకుండి, ఆ వీరుడు పుంగనూరులో సొంత ఇల్లు కొనెను. కారు బీమాలో చిరునామా మార్చనిచో గడువు నోటీసు కుప్పమునకు పోవును. ఇది పైకి చెప్పుకొను కారణము; అసలు కారణము వేరు. ఆ ఇరువదియేండ్లును తనకు వచ్చిన ప్రతి ఉత్తరము మీదను, పెండ్లిపత్రిక మీదను తన పేరు క్రింద కేరాఫ్ అని ఇంటి యజమాని పేరు ఉండెడిది. అంతటి మీసము పెట్టుకొని పరుని పేరు చాటున నిలుచుట ఆయనకు చెప్పరాని సిగ్గు. ఒక్క కాగితము మీదనైనను తన పేరు దర్జాగా ఒంటరిగా నిలుచుట చూడవలెనని ఆయన ప్రాణము కొట్టుకొనుచుండెను.

ఎదుట రబ్బరుముద్రాయుధధారి దేవరాజులు కూర్చుండియుండెను. చిరునామా విన్న ఆ గుమాస్తా, తనదియు పుంగనూరే అనియు, ఆ ఇంటిని ఆయనకమ్మి పోయిన రెడ్డెప్ప పేరు చెప్పనిదే అది ఎవరికిని దొరకదనియు పలికి, అలవోకగా 'కేరాఫ్ రెడ్డెప్ప' అని వ్రాసెను.

లక్ష్మీపతి కన్నులెఱ్ఱబడెను; మీసములదరెను; చేతి గొడుగు గదాదండమై నేలను తాకెను.

"దేవరాజులప్పా, కలం ఆడనే నిలుపు. ఇరవై ఏండ్లు ఒకరి పేరు కింద బతికినా. ఇప్పుడు నా ఇంట్లో నేనుండాను. రెడ్డెప్ప తిరుపతిలో హాయిగా ఉండాడు. నా పేరు కింద ఆయప్ప యాల?"

దేవరాజులు చలింపలేదు. ఉత్తరము తప్పిపోయినచో తన పూచీ కాదనెను. వాగ్బాణములు ఫ్యాను గాలికి సుడులు తిరిగెను. తుదకు, నిజము చెప్పవలెనన్న, వీరునికి ఏడ్చినంత పని అయ్యెను.

అంతవరకు బల్లపై కూర్చుండి వక్క నములుచుండిన మునిరత్నమ్మ లేచి నెమ్మదిగా అడిగెను.

"అప్పా, రేపు మా కారు యాడన్నా గుద్దుకుంటే, బీమా దుడ్డు రెడ్డెప్పకిస్తారా?"

"అదెట్లిస్తారమ్మా? కారు మీది గదా."

"ఇల్లూ మాదే గదప్పా."

ముద్రాయుధధారి కలము మరల అందుకొనెను. 'కేరాఫ్ రెడ్డెప్ప' అను ఆ రెండు మాటలను అడ్డముగా కొట్టివేసి, పక్కన పొట్టి సంతకము చేసి, ముద్ర గుద్దెను.

పది దినములకు పోస్టుమాను పాపన్న వీధి మొదట నిలిచి, రెడ్డెప్ప ఇంటికి బీమా కవరు వచ్చినదని కేకవేసెను. లక్ష్మీపతి గడపదాటి వచ్చి, పైనున్న పేరు గట్టిగా చదువుమనెను. పాపన్న చదివెను. వీధియెల్ల వినెను. లక్ష్మీపతి పేరు, ఇంటి నంబరు, పుంగనూరు. నడుమ నరుడెవడును లేడు.

ఇట్లు అజేయమగు కేరాఫును కూల్చిన ఆ విజయుడు, కవరు విప్పకయే, ముంగిట గోడకు మేకు కొట్టి తగిలించెను.