గాలిగొట్టమూ చల్లమిరపకాయలూ

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, మా ఆయన పోయాక. తప్పులు దొర్లితే దిద్దుకుని చదవండి. చేయి నెమ్మది కాబట్టి కథ కూడా నింపాదిగానే బయల్దేరుతుంది. విసుక్కోకండి.

రెండు వేల ఎనిమిది అక్టోబరులో ఒక శనివారం పొద్దున, అమెరికాలోని అరోరాలో ఉండే జానకీదేవికి రెండు పనులు పడ్డాయి. ఒకటి, మొగుడు తన విమానానికి గాలిగొట్టాలు బిగిస్తుంటే టార్చిలైటు పట్టుకోవడం. రెండోది, మూడు రోజులు మజ్జిగలో నాని ఎండకు మొహం వాచిపోయిన మిరపకాయలను ఎలాగైనా ఎండబెట్టడం.

మొగుడు యజ్ఞనారాయణ రిటైరైన ఇంజనీరు. ఊరి బయట చిన్న విమానాశ్రయంలో షెడ్డు అద్దెకు తీసుకుని, ఇద్దరు కూర్చునే విమానాన్ని నాలుగేళ్లుగా సొంత చేతులతో కట్టుకుంటున్నాడు. ఆ రోజు పదకొండింటికి తనిఖీకి డగ్లస్ అనే ఆయన వస్తాడు. ఆయన సరే అంటే ఎగరొచ్చు. కాదంటే మంచు కరిగేదాకా విమానం షెడ్డులోనే. యజ్ఞనారాయణకు డెబ్బై నిండబోతున్నాయి. వసంతాలను అంత ధారాళంగా వాయిదా వేసుకునే వయసు కాదు.

మిగిలింది ఒక్క నారింజరంగు గొట్టం. ఇంజిన్ ముందున్న రంధ్రం నుంచి శుభ్రమైన గాలిని పట్టి, పొగగొట్టం చుట్టూ ఉన్న రేకు డబ్బాలోకి పంపాలి. అక్కడ వేడెక్కిన గాలి లోపల కూర్చున్నవాళ్ల కాళ్లకు తగులుతుంది. చలికాలానికి కుంపటన్నమాట.

"జానకీ, ఇది మూరెడు తక్కువొచ్చిందే. రెండుసార్లు కొలిచి మరీ ఆర్డర్ చేశాను," అన్నాడు యజ్ఞనారాయణ ఇంజిన్ కిందనుంచి.

జానకీదేవి టార్చిలైటును పక్కకి తిప్పింది. కిందటి నెల బట్టలారబెట్టే మిషను వెనక గొట్టం చిరిగితే, ఇంట్లో చుట్టగా పడి ఉన్న ఈ గొట్టంలోంచే ఆవిడ మూరెడు కత్తిరించి తగిలించింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెల గడిపేసింది.

"అమ్మినవాళ్ల మూర చిన్నదేమోనండీ."

"అమెరికాలో మూరలెక్కడివే?"

ఎంత లాగినా గొట్టం ముందున్న రంధ్రానికి అందలేదు. చివరికి దాని మూతిని ఇంజిన్ కింద దగ్గర్లో ఉన్న పట్టీకి బిగించేశాడు.

"అక్కడ పెట్టొచ్చాండీ?"

"గాలికి ముందేమిటి, వెనకేమిటి? గాలి గాలే. నెక్స్ట్ వీక్ కొత్తది తెప్పిస్తాలే."

ఇంజిన్ పావుగంట నడిపి, ఆపి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. జానకీదేవి ఆకాశం వంక చూసింది. మామూలు రోజుల్లో మిరపకాయలను కారు వెనక అద్దం కింద పరిచేది. అద్దం మీద పడ్డ ఎండ రెండు రోజుల్లో పని కానిచ్చేది. ఇవాళ సూర్యుడి జాడ లేదు. ఇక్కడ చూస్తే వెచ్చటి ఇంజిన్ ఊరికే చల్లారిపోతోంది. పొయ్యి మీద సెగ వృథా పోనిచ్చే ఇల్లాలు కాదావిడ. వెంట తెచ్చిన మిరపకాయలను పల్చటి గుడ్డలో మూటగట్టి, పొగగొట్టం పక్కన ఇరికించి, టిఫిన్ డబ్బా తేవడానికి కారు దగ్గరికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి డగ్లస్ అరగంట ముందే దిగాడు. ఆ హడావుడిలో ఇంజిన్ మూత పడింది. మరలు బిగిసిపోయాయి.

"ఏమండీ, ఒక్క మాట."

"కొబ్బరికాయ తర్వాత కొడదాం జానకీ," అన్నాడు యజ్ఞనారాయణ పళ్ల బిగువున.

"కొబ్బరికాయ కాదండీ."

"నిమ్మకాయలు కూడా తర్వాతే."

డగ్లస్ చేతులు రుద్దుకుంటూ, చలిగా ఉంది, ముందు ఇంజిన్ వేసి ఆ హీటర్ సంగతి చూపించండి, మూత తర్వాత తీద్దాం అన్నాడు. ఇద్దరూ ఎక్కి తలుపు వేసుకున్నారు. జానకీదేవి బయటనుంచి రెండు చేతులూ ఊపింది. యజ్ఞనారాయణ కూడా సంతోషంగా చెయ్యి ఊపాడు.

అయిదు నిమిషాలకు ఇంజిన్ ఆగింది. తలుపులు రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. డగ్లస్ ఒక పక్కన, యజ్ఞనారాయణ మరో పక్కన, ముక్కూ కళ్లూ ఏకధారగా, దగ్గుతూ నేల మీద పడ్డారు. పక్క షెడ్డు మోహన్ అది చూసి, విమానం అంటుకుందని ఫైరింజనుకు ఫోన్ చేశాడు. వచ్చిన నలుగురిలో ఇద్దరు ముసుగులు లేకుండా ముందుకెళ్లి, నాలుగడుగుల్లో తుమ్ముతూ వెనక్కొచ్చారు. ఆ ఘాటు తగ్గడానికి జానకీదేవి అందరికీ పెరుగన్నం పెట్టింది. డగ్లస్ రెండోసారి వడ్డించుకున్నాడు.

మూత తీశారు. మాడిన మూటను డగ్లస్ పటకారుతో పట్టుకుని, "ఇదేమిటి?" అన్నాడు.

జానకీదేవి చెప్పింది. యజ్ఞనారాయణ నేల చూపులు చూశాడు. నాలుగేళ్ల కష్టం చల్లమిరపకాయల పాలైందని ఆయన మొహమే చెబుతోంది.

డగ్లస్ మాత్రం మూటను వదిలి ఇంజిన్‌లోకి తల దూర్చాడు. "మిరపకాయలు ఇక్కడ కాలాయి. మరి పొగ లోపలికెలా వచ్చింది?" అన్నాడు. టార్చిలైటు ఆ నారింజ గొట్టం మూతి దగ్గర ఆగింది. "లోపలి గాలి ముందునుంచి రావాలి కదా. రేపు పొగగొట్టం ఏ కాస్త పగిలినా ఆ పొగలోని విషవాయువు తిన్నగా మీ దగ్గరికొస్తుంది. దానికి వాసన ఉండదు. ఆకాశంలోనే నిద్రపోతారు. మీ ఆవిడ మిరపకాయలకు దణ్ణం పెట్టుకోండి."

యజ్ఞనారాయణ వంగి ఆ గొట్టం మూతిని పట్టీ నుంచి ఊడదీశాడు.

"గొట్టం సరిగ్గా బిగిస్తే సంతకం పెడతాను. నాలుగింటిదాకా ఉంటాను," అన్నాడు డగ్లస్.

"శనివారం, ఎక్కడ దొరుకుతుంది?" అని గొణిగాడు యజ్ఞనారాయణ.

"ఇంట్లోనే ఉందండీ," అంది జానకీదేవి మెల్లగా. "మూరెడు. బట్టల మిషను వెనకాల."

ఆయన భార్యను చూశాడు. మాడిన మూటను చూశాడు. తాను గొట్టం బిగించిన పట్టీనీ చూశాడు.

"ఆవిడ ఏమంటోంది?" అని డగ్లస్ అడిగాడు.

"ముందుచూపుతో స్పేర్ పార్ట్ దాచిందట."

మూడున్నరకల్లా ఆ మూరెడు ముక్క, బట్టల నూగు దులిపించుకుని, రేకు పట్టుతో మిగతా గొట్టానికి అతికి, ముందున్న రంధ్రానికి చేరింది. హీటర్ వేస్తే వెచ్చటి గాలి తప్ప ఏ వాసనా రాలేదు. డగ్లస్ సంతకం పెట్టాడు. అప్పుడు కొబ్బరికాయ కొట్టారు.

కొన్నాళ్లకు, అనుమతులన్నీ పూర్తయ్యాక, జానకీదేవి ఆ విమానంలో అరోరా మీద తిరిగింది. కాళ్లకు వెచ్చగా ఉందని చెప్పింది.

ఎగిరే ముందు చూసుకోవాల్సిన జాబితాలో ఇంధనం, నూనె, చక్రాల కింద యజ్ఞనారాయణ చేతిరాతతో ఇప్పటికీ ఒక వరుస ఉంటుంది: ఇంజిన్ కింద మిరపకాయలు లేవు.

— రాధారాణి, డెబ్బై మూడేళ్లు, ఇప్పుడు ఉంటున్నది హెర్న్‌డన్‌లో.